ఫిట్‌నెస్ బ్యాండ్ లెక్కకూ తూకం లెక్కకూ మధ్య మూడు వందల కేలరీలు

2023 ఫిబ్రవరిలో హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక దుకాణంలో దాదాపు మూడు వేల రూపాయలకు కొన్న ఫిట్‌నెస్ బ్యాండును స్నానానికీ ఛార్జింగుకూ తప్ప చేతి నుంచి తీయకుండా రెండేళ్లకు పైగా వాడాను. కొన్ననాటికి నా వయసు 43 ఏళ్లు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగం కనుక రోజంతా నిలబడే ఉంటానని, వేరే వ్యాయామం అక్కర లేదని అంతవరకు నమ్ముతూ వచ్చాను. నిద్ర, ఒత్తిడి వంటి మిగతా కొలతలను పక్కన పెట్టి, బరువు తగ్గడానికి రోజుకు ఎన్ని కేలరీలు తినాలో నిర్ణయించుకోవడంలో ఈ బ్యాండు ఎంతవరకు పనికొచ్చిందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆత్రం కొద్దీ వారానికి ఒక కిలో తగ్గాలని బ్యాండుకు జతగా ఫోన్‌లో ఉండే యాప్‌లో ఎంచుకున్నాను. అది నా రోజువారీ లక్ష్యాన్ని 1,200 కేలరీలకు దించింది. తొమ్మిది రోజులు ఓర్చుకొని, పదో రోజు మూడో పీరియడ్‌లో కళ్లు తిరిగి కుర్చీ పట్టుకోవలసి వచ్చాక, వారానికి అర కిలో అన్న లక్ష్యానికి మారాను. ఒక కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7,700 కేలరీల లోటు పడాలన్నది ఈ లెక్కలన్నిటికీ పునాది. రోజుకు 500 చొప్పున లోటు పెడితే వారానికి అర కిలోకు కాస్త తక్కువగా తగ్గాలి. నేను రోజుకు సగటున 2,150 కేలరీలు ఖర్చు చేస్తున్నానని బ్యాండు చూపించింది కాబట్టి 1,650 తింటే సరిపోతుందనుకున్నాను. పన్నెండు వారాల పాటు, తిన్న ప్రతిదాన్నీ రాసుకుంటూ, సగటున అంతే తిన్నాను. లెక్క ప్రకారం దాదాపు 5.5 కిలోలు తగ్గవలసింది. తూకం మీద తగ్గినది 2.1 కిలోలు.

కోపం వచ్చిన మాట నిజం. అయితే పారేయడానికి ముందు అది లెక్క ఎలా వేస్తుందో తెలుసుకోవాలనిపించింది. మనం ఏ పనీ చేయకుండా పడుకున్నా ఖర్చయ్యే కేలరీలను అది కొలవదు. మనం ఇచ్చిన వయసు, ఎత్తు, బరువులను ఒక సూత్రంలో వేసి ఊహిస్తుంది. అలాంటి సూత్రాల్లో ఒకటైన, 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియార్ సూత్రాన్ని కాగితం మీద వేసి చూస్తే నాకు 1,339 వచ్చింది. అంటే బ్యాండు చూపే అంకెలో సగానికి పైగా నా చేతి కదలికతో సంబంధం లేనిదే. మిగిలిన భాగాన్ని చేతి ఊపునుబట్టీ, చర్మం మీదికి ఆకుపచ్చ వెలుతురు పంపి పట్టుకున్న గుండె వేగాన్నిబట్టీ అంచనా వేస్తుంది. ఈ అంచనా ఎక్కడెక్కడ తప్పుతుందో మా వంటింట్లోనే తెలిసింది. ఆరు జొన్న రొట్టెలు తట్టి లేచేసరికి నా ఖాతాలో కొన్ని వందల అడుగులు చేరి ఉండేవి. అది చూసి మా అత్తమ్మ, "రొట్టె కొట్టుడు గూడ నడిచినట్టేనా బిడ్డా? గట్లయితె నేను ఈపాటికి కాశీకి పోయి రావాలె" అన్నారు. దీనికి విరుద్ధంగా, కూరగాయల సంచి బరువుతో చెయ్యి కదలకుండా మార్కెట్ నుంచి ఇంటిదాకా నడిచినప్పుడు అడుగులు సగం కూడా పడేవి కావు. మే నెల ఎండల్లోనైతే, చలికాలంలో నడిచిన దారినే అంతే సేపు నడిచినా గుండె వేగం పెరిగి కేలరీలు ఎక్కువగా కనిపించేవి. అది వేడి వల్ల పెరిగిన గుండె వేగమే తప్ప నేను అదనంగా చేసిన శ్రమ కాదు.

ఇది చవక బ్యాండుకే ఉన్న జబ్బు అనుకోనక్కర లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఏడు రకాల మణికట్టు పరికరాలను పరీక్షించినప్పుడు, గుండె వేగాన్ని వాటిలో ఆరు అయిదు శాతం లోపు తేడాతో చెప్పగలిగాయి గానీ, కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా వెనుకబడినది 93 శాతం తప్పింది. ఆ తర్వాత పరికరాలు మారి ఉండవచ్చు, నా అనుభవం మాత్రం ఆ ఫలితాలకు దూరంగా లేదు.

తప్పంతా బ్యాండు మీద వేయడం కూడా న్యాయం కాదు. నా రాతలో నూనె లెక్క పూటకు ఒక చిన్న చెంచా అని ఉండేది. ఒక నెలాఖరున ఖాళీ అయిన నూనె ప్యాకెట్లు లెక్కబెడితే నాలుగు లీటర్లు తేలాయి. నలుగురున్న ఇంట్లో అంటే మనిషికి లీటరు, రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 270 కేలరీలు. నేను రాసుకున్నది దానిలో సగం కూడా లేదు. యాప్‌లోని ఆహార జాబితా దీనికి తోడైంది. అందులోని రొట్టె పలుచటి గోధుమ పుల్కా. మా ఇంటి జొన్న రొట్టె ఒక్కటి 60 గ్రాముల పిండి తింటుంది, దాదాపు 200 కేలరీలు. సర్వపిండి, సకినాలు ఆ జాబితాలో కనిపించనే లేదు. చివరికి వంటింటి తూకం ఒకటి కొని, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ఆధారంగా మా వంటలను నేనే ఒకసారి లెక్క కట్టి యాప్‌లో చేర్చుకున్నాను. రెండు ఆదివారాలు పట్టిన ఆ పని బ్యాండు కన్నా ఎక్కువ మేలు చేసింది.

అసలు మలుపు మాత్రం లెక్కను తలకిందులు చేయడంతో వచ్చింది. 84 రోజుల్లో తగ్గిన 2.1 కిలోలను 7,700తో గుణిస్తే 16,170. రోజుకు పంచితే 190 పైచిలుకు. నా రాత ప్రకారం తిన్న 1,650కి దీన్ని కలిపితే నా అసలు ఖర్చు దాదాపు 1,840. బ్యాండు చెప్పిన 2,150కీ దీనికీ మధ్య ఉన్న 310లో బ్యాండు వాటా ఎంత, నా నూనె చెంచా వాటా ఎంత అన్నది తేల్చవలసిన అవసరం లేకపోయింది. రెండు తప్పులూ రోజూ ఒకే తీరులో జరుగుతున్నంతకాలం వాటిని కలిపి ఒకేసారి తీసేయవచ్చు. లక్ష్యాన్ని 1,500కు మార్చుకొని, బ్యాండు ఏ అంకె చూపినా మూడు వందలు తగ్గించి చదవడం అలవాటు చేసుకున్నాను. వంట నూనె నెలకు రెండున్నర లీటర్లకు దిగింది.

యాప్‌లో నేను గట్టిగా తప్పు పట్టేది ఒకటుంది. సాయంత్రం భద్రకాళి బండ్ మీద నలభై నిమిషాలు నడిస్తే 210 కేలరీలు ఖర్చయ్యాయని చెప్పి, వాటిని తిండి కోటాకు కలిపి "ఇంకా ఇంత తినవచ్చు" అని చూపిస్తుంది. ఆ 210లో నేను ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 37 కేలరీలు కూడా కలిసే ఉన్నాయి. ఆ అనుమతిని నమ్మి ఇంటికొచ్చి నాలుగు మక్క గారెలు తింటే నడక మొత్తం నూనెలో కలిసిపోతుంది. సెట్టింగుల్లో ఈ కలిపే పద్ధతిని ఆపేసే వీలుంది. కొన్న రోజే ఆపేయడం మంచిది. అందులో ముందుగానే పెట్టి ఉండే పది వేల అడుగుల లక్ష్యం కూడా వైద్య పరిశోధన నుంచి పుట్టినది కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చినది. నేను ఏడున్నర వేలకు దించుకున్నాను, అది నిత్యం అందుతుంది.

తూకం విషయంలో రోజువారీ అంకెను వదిలి ఏడు రోజుల సగటునే చూశాను. సద్దుల బతుకమ్మ మలీద ముద్దలు, దసరా బగారా, మటన్ అయ్యాక రెండు రోజుల్లో 1.4 కిలోలు పెరిగినట్టు కనిపించింది. అది కొవ్వే అయితే పది వేలకు పైగా కేలరీలు అదనంగా తిని ఉండాలి. ఉప్పుతో నిలిచిన నీరు అయిదు రోజుల్లో దిగిపోయింది.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లేనాటికి 67 కిలోలకు వచ్చాను. మనిషి బరువుకు సరితూగే బెల్లం సమర్పించే నిలువెత్తు బంగారం మొక్కు ఉండడంతో తక్కెడలో కూర్చున్నప్పుడు, 74 కిలోలకని లెక్క చూసుకొని తెచ్చిన బెల్లంలో ఏడు కిలోలు మిగిలాయి. మిగిలిన బెల్లాన్ని చూసి మా ఆయన నవ్విన నవ్వు ఈ బ్యాండు చూపిన ఏ గ్రాఫు కన్నా నమ్మదగిన కొలత.

ఆ తర్వాత రెండు నెలలు బరువు కదలలేదు. వెతికితే తప్పు నాదే: యాప్‌లో నా బరువు ఇంకా 74 అనే ఉంది. సూత్రంలో కిలోకు 10 కేలరీల చొప్పున, తగ్గిన ఏడు కిలోలకు 70 కేలరీలను అది ఎక్కువ చూపుతూనే ఉంది. ఇప్పుడు నెల మొదటి ఆదివారం బరువు మారుస్తున్నాను.

పధ్నాలుగో నెలలో తెగిన పట్టీకి 250 రూపాయలయింది. మొదట్లో పది రోజులు వచ్చిన ఛార్జింగ్ ఇప్పుడు ఆరు రోజులే వస్తోంది. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు, గర్భిణులు దీని అంకెలతో తిండి తగ్గించే ముందు వైద్యుణ్ని అడగాలి. నేను ఇంకో బ్యాండు కొంటానా అంటే కొంటాను, కానీ అంతకన్నా ముందు కొనేది వంటింటి తూకం. ప్రస్తుతం నా బరువు 66 దగ్గర నిలిచింది. నిన్న రాత్రి బ్యాండు 2,060 చూపింది, నేను 1,760 అని రాసుకున్నాను.