ఆర్గాన్‌తో ఒంగోలు ప్రయాణం: లాడ్జి వద్దు, మేస్త్రి ముద్దు

నెల్లూరు మూలపేటలో తాతగారు వాయించిన, కాలితో తొక్కే ఆర్గాన్‌ను ఒంగోలులో మా పెద్దమ్మ వెళ్ళే చర్చికి చేర్చాలి. పని ఇంతే. తిండి, రైలు, ఆటోలు కాక 21,700 రూపాయలయ్యాయి. అంతకుముందు నెల్లూరులో ఒకాయన తిత్తులకు రెక్సిన్ అంటించి 4,500 తీసుకున్నారు. ఆ తర్వాత తొక్కితే నిట్టూర్పే తప్ప స్వరం లేదు.

వ్యాను 5,200. నేనూ బావా కావలిలో టీ తాగాం, దారంతా సాఫీ.

ఒంగోలు బస్టాండు దగ్గరి లాడ్జిలో గది 900 అన్నారు. రాత్రికి ఆర్గాన్‌ను వ్యానులో వదలలేక గదిలోకి ఎక్కించాం. కౌంటరు మనిషి ‘ఎక్స్‌ట్రా బెడ్డు 350’ అని రాసేశారు. మూడో మనిషి ఎవరండీ అంటే ఆర్గాన్‌ను చూపించారు! మర్నాడు అది బాగుచేసే మేస్త్రి దగ్గరే ఉన్నా మళ్ళీ 350 వేశారు. పొద్దున ఆరింటికే నీళ్ళు బంద్. బావ అలిగి రోజంతా మాట్లాడలేదు.

డెబ్భై దాటిన మేస్త్రి వెనక చెక్క విప్పగానే, “నాయనా, ఇది గాలి ఊదే పెట్టె కాదు, పీల్చే పెట్టె” అన్నారు. మనం ఎరిగిన చేతి హార్మోనియం రీడ్ల (స్వరం పలికే సన్నని లోహపు నాలుకల) మీదికి గాలిని తోస్తుంది. ఈ అమెరికన్ పద్ధతి పెట్టెలో తిత్తులు గాలిని లాగుతాయి. నెల్లూరాయన కవాటాలను తిరగేసి బిగించారట.

వేళ్ళతో నొక్కే మెట్లు 61, రెండు వరుసలు, 122 రీడ్లు. ఒక్కొక్కటీ కొక్కెంతో లాగి, నంబరు రాసి, కాగితంలో చుట్టారు. శృతి తగ్గితే రీడు కొసన, హెచ్చితే మొదట్లో, అదీ వెంట్రుకవాసి గీకాలట. కథీడ్రళ్ళలో పైపు ఆర్గాన్‌ను తరలించేటప్పుడూ గొట్టాలన్నిటికీ ఇలాగే నంబర్లు వేసి, కొత్త హాలులో నిలబెట్టాక ఆ హాలుకు తగినట్టు గొట్టం గొట్టానికీ గొంతు దిద్దుతారు. ఆ లెక్కన మాది బుల్లి సంసారం. కొత్త తోలు తిత్తులతో కలిపి 14,000 అడిగారు. బేరమాడ బుద్ధి కాలేదు. బావ అలక తీరి, కింద కూర్చుని నంబర్లు అందించసాగాడు.

తిరిగొచ్చే రోజు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి చూశాం. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చోటు. ఆటోకు 600 ఇచ్చాం, గట్టిగా అడిగితే 500కు వస్తారు.

మూడు వారాలకు ఆర్గాన్ చర్చికి చేరింది. పెద్దమ్మ తొక్కితే గోడలు కూడా పలికాయి. ఒక్క మెట్టు మాత్రం ఇంకా మూలుగుతోంది. శనివారం వస్తానని, డబ్బు వద్దని మేస్త్రి కబురు పంపారు. బావ ఆయన కోసం అరకిలో మైసూర్‌పాక్ కొని ఉంచాడు.