ఐసీయూ తర్వాత రీహాబ్, ఇంట్లో బైప్యాప్: 20 నెలలు వాడాక

2023 ఆగస్టులో నాయనకి న్యుమోనియా ముదిరి చెన్నైలో 22 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. 11వ రోజున గొంతుకి ట్రకియాస్టమీ చేశారు, అంటే ఊపిరి ఆడటానికి గొంతు ముందు రంధ్రం చేసి ట్యూబ్ పెట్టారు. వార్డుకి తెచ్చినప్పుడు గండం గడిచిందనుకున్నాం. ముక్కు మీద దోమ వాలితే తోలుకోవడానికి కూడా ఆయనకి చెయ్యి లేవలేదు. నాయుడుపేటలో రైస్ మిల్లు గుమాస్తాగా ముప్పై ఏళ్లు బస్తాల మధ్య తిరిగిన మనిషి. ఆ దుమ్ముకి తోడు బీడీలు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు, సీఓపీడీ, ఉందని అప్పుడే తెలిసింది.

అక్కణ్ణించి 5 వారాలు ఒక రీహాబ్ సెంటర్‌లో ఉన్నాం. ఆ తర్వాత చెన్నైలోనే విల్లివాక్కంలో ఉన్న మా ఇంట్లో బైప్యాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిన్), ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్), వారానికి మూడుసార్లు ఫిజియో. ఇప్పటికి 20 నెలలైంది. నచ్చనివి కూడా రాయాలి కాబట్టి సెంటర్ పేరు చెప్పను.

చేరేటప్పుడు ఒక ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. అందులో స్పీచ్ థెరపీ విడిగా ఉంది, దానికి వేరే డబ్బు. ‘ముందు లేచి కూర్చోనీ, మాట సంగతి తర్వాత చూద్దాం’ అని నేనే కొట్టేయించాను. నేను చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. రెండో రోజు ఆ థెరపిస్ట్ అమ్మాయి తానే వచ్చి, ఇది మాట కోసం మాత్రమే కాదు మేడమ్, మింగడం కోసం అని చెప్పింది. అప్పుడు వెలిగింది నాకు. వార్డులో ఉండగా మా అత్తయ్య జాలిపడి రెండు చెంచాల కాఫీ పోసింది, రెండు రోజులకి మళ్లీ జ్వరం, మళ్లీ నాలుగు రోజులు ఐసీయూ. ఆ కాఫీకీ ఆ జ్వరానికీ లంకె ఉండొచ్చని అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి మింగుడు పరీక్ష చేశారు. గట్టి పెరుగు సరిగ్గానే దిగింది, నీళ్లు మాత్రం ఊపిరితిత్తుల వైపు జారుతున్నాయి. ఏమీ తినలేనివాళ్లకి నీళ్లన్నా పోద్దామనుకుంటాం కదా, ఇలాంటివాళ్లకి అన్నిటికంటే ప్రమాదం ఆ పల్చటి నీళ్లే. మూడు వారాలు ప్రతి ద్రవంలోనూ చిక్కబరిచే పొడి కలిపాం. కాఫీలో కలిపితే మైదా జిగురులా ఉండేది. నాయన ఒక గుక్క తాగి కప్పు నా వైపు తోసేసేవాడు.

గొంతు ట్యూబ్‌కి మాట్లాడే వాల్వ్ పెట్టిన రోజు మా ఇంట్లో అందరికీ గుర్తు. ట్యూబ్ చుట్టూ గొంతులో ఉబ్బి ఉండే బుడగని కఫ్ అంటారు, అందులో గాలి పూర్తిగా తీశాకే ఆ వాల్వ్ పెట్టాలి, లేకపోతే లోపలికి పోయిన గాలికి బయటికొచ్చే దారి ఉండదు. ఈ సంగతి మంచం పక్కనుండే అటెండర్‌కి కూడా తెలిసుండాలి. వాల్వ్ పెట్టగానే నాయన అన్న మొదటి మాట, ‘మిల్లు తాళాలెక్కడ?’ అమ్మ ఏడ్చింది. ఆ తాళాలు ఎవరి దగ్గరున్నాయో నిజంగానే మాకెవరికీ తెలియదు.

ఇక టీమ్ సంగతి. ఊపిరితిత్తుల డాక్టరు, రెస్పిరేటరీ థెరపిస్ట్, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్ట్, డైటీషియన్, సైకాలజిస్ట్ అంతా ప్రతి బుధవారం మంచం దగ్గరే నిలబడి మాట్లాడుకునేవాళ్లు. మా డబ్బుకి విలువ దక్కింది అక్కడే. వార్డులో రైల్స్ ట్యూబ్‌లో (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఫీడ్ పోసిన అరగంటకి ఫిజియో వచ్చి పడుకోబెట్టేవాడు, నాయన కక్కేవాడు. ఒకరి టైమింగ్ ఇంకొకరికి తెలియదు. ఇక్కడ మొదటి బుధవారమే ఫీడ్ వేళలు మార్చేశారు. ఐసీయూలో మొదటి పది రోజుల్లోనే తొడ కండరం ఆరో వంతు దాకా తరిగిపోవచ్చని ఫిజియో చెప్పినప్పుడే, డైటీషియన్ ప్రొటీన్ లెక్క ఎందుకంత పట్టుగా రాస్తోందో అర్థమైంది.

ఊపిరితిత్తుల వ్యాయామానికిచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ గురించి ఒక మాట. వార్డులో చేతికిచ్చి ఊదమన్నారు, నాయన రెండు వారాలు ఊదాడు. అది ఊదేది కాదు, పీల్చేది. బంతుల పక్కన 600, 900, 1200 అని ఉన్నవి సెకనుకి ఎన్ని సీసీల గాలి లాగుతున్నామో చెప్పే అంకెలు. సెంటర్‌లో ఇది సరిదిద్దారు. రెండో బంతి లేవడానికి 11 రోజులు పట్టింది.

వేళ్లకి పట్టు రావడానికి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ మొదట ప్లాస్టిక్ మేకులిచ్చింది. ఆయన వాటి వైపు చూడనేలేదు. బియ్యం, కందిపప్పు కలిపి పళ్లెంలో పోసి ఏరమంటే మాత్రం గింజ పట్టుకుని చూసి, ఇవి పొన్ని, మొలగొలుకులు కావు అన్నాడు. ఆ రోజు నలభై నిమిషాలు ఏరాడు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఆదివారం థెరపీ లేదు, బిల్లు మాత్రం మామూలే. రాత్రుళ్లు కఫం లాగడానికి పిలిస్తే ఇరవై నిమిషాలు పట్టిన సందర్భాలున్నాయి, చివరికి నేనే నేర్చుకున్నాను. అన్నిటికంటే బాధపెట్టింది జ్ఞాపకశక్తి పరీక్ష. తమిళంలో పెట్టారు. నాయనకి తమిళం బేరమాడేంత వచ్చు, పరీక్ష రాసేంత రాదు. తక్కువ మార్కులొచ్చాయి, ఫైల్లో మతిమరుపు అనుమానమని రాశారు. వారం రోజులు నిద్ర లేదు మాకు. తెలుగులో మళ్లీ పెట్టించమని పోట్లాడి, నేనే పక్కన కూర్చుని అడిగితే చాలావరకు చెప్పాడు. ఏకాగ్రత తగ్గిన మాట నిజమే, ఐసీయూలో ఎక్కువ రోజులున్నవాళ్లకి అది మామూలేనట. తెలుగువాళ్లెవరైనా చెన్నైలో చేరితే ఈ సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

తనని గోడౌన్‌లో కట్టేసి ఎలుకలు వదిలారని నాయన చాలాకాలం నమ్మాడు. ఐసీయూలో ట్యూబులు పీకకుండా చేతులు కట్టింది నిజం, ఎలుకలు మాత్రం భ్రమ. సైకాలజిస్ట్ చెప్పినట్టు ఏ రోజు ఏం జరిగిందో ఒక నోటుబుక్కులో రాసి చదివి వినిపించాం. ఇప్పటికీ అప్పుడప్పుడు తీయమంటాడు.

ట్రకియాస్టమీ ట్యూబ్ మూతపెట్టి రెండు రోజులు చూసి తీసేశారు, రంధ్రం పది రోజుల్లో పూడింది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగానే ఉంటోందని రాత్రిళ్లకి బైప్యాప్ రాశారు. మెషిన్ కంటే మాస్క్ ఎంపికే కష్టం. ఫుల్ ఫేస్ మాస్క్ మీసాల దగ్గర లీకయ్యేది. పట్టీ బిగిస్తే ముక్కు దూలం మీద పుండు. మీసం తీసేయమంటే మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అంచులు కత్తిరించడం దగ్గర రాజీ కుదిరింది, ఒక సైజు చిన్న మాస్క్ తెచ్చాం. మీరు కూడా మనిషిని పడుకోబెట్టి, మెషిన్ నడుస్తుండగా మాస్క్ పెట్టి చూడండి. షాపులో కూర్చోబెట్టి చూపిస్తే ఏమీ తెలియదు.

కాన్సన్‌ట్రేటర్ అద్దెకే తీసుకున్నాం, మంచిదైంది. మా 5 లీటర్ల మెషిన్ దాదాపు 350 వాట్లు లాగేది, రోజుకి 16 గంటలంటే అయిదున్నర యూనిట్లు. రెండు నెలలకోసారి వచ్చే కరెంటు బిల్లులో అప్పట్లో 100 యూనిట్లు ఉచితమన్నది మాకు పద్దెనిమిది రోజుల ముచ్చటయ్యేది. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుఫానుకి మా వీధిలో కరెంటు పోయి ఒకటిన్నర రోజు రాలేదు. కాన్సన్‌ట్రేటర్ ఇన్వర్టర్‌ని నాలుగు గంటల్లో తాగేస్తుందని ముందే చెప్పారు కాబట్టి దాన్ని ఆపేశాం. బైప్యాప్ గాలికి తడి చేర్చే హ్యూమిడిఫైయర్ కూడా ఆపేసి బైప్యాప్ ఒక్కటే పెడితే రాత్రంతా వచ్చింది. ఆక్సిజన్‌కి బి టైప్ సిలిండర్, నిమిషానికి 2 లీటర్ల మీద ఒక్కోటి పన్నెండు గంటలు. రెండు సిలిండర్లు ఇంట్లో ఉండబట్టి బతికిపోయాం.

ఆక్సిజన్ ఎక్కువైతే మంచిదేగా అనుకునేవాళ్లు మా బాబాయిని తలుచుకోవాలి. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సిమీటర్‌లో 90 చూసి కంగారుపడి 2 లీటర్లని 5కి తిప్పి, ఎవరికీ చెప్పకుండా టీవీ చూస్తూ కూర్చున్నాడు. గంటన్నరకి నాయన మగతలోకి జారాడు, పిలిస్తే పలకడం లేదు. ఆంబులెన్స్‌లో తీసుకెళ్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయిందన్నారు. ఆయనలాంటి రోగికి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని డాక్టరు రాసిచ్చిన కాగితం ఇప్పుడు మెషిన్ మీదే అంటించి ఉంది, తెలుగులో, పెద్దక్షరాలతో.

ఖర్చు విషయంలో మా ఇన్సూరెన్స్ సెంటర్ బిల్లులో సగం కూడా ఇవ్వలేదు, ఇంటి ఫిజియోకి అసలివ్వలేదు. చేరేముందే రాతపూర్వకంగా అడగండి.

సెంటర్ నుంచి వచ్చేటప్పుడు ఆరు నిమిషాల నడకలో 140 మీటర్లు నడిచాడు, ఏడాదికి 310. కాన్సన్‌ట్రేటర్ పోయిన మార్చిలో తిరిగిచ్చేశాం. బైప్యాప్ కొనసాగుతోంది. దాన్ని బ్యాగులో పెట్టుకుని నాయన సంక్రాంతికి నాయుడుపేట కూడా వెళ్లొచ్చాడు. వెళ్లేటప్పుడు హ్యూమిడిఫైయర్ తొట్టిలో నీళ్లు పారబోయడం మర్చిపోయాం. అవి రైల్లో ఒలికి మెషిన్‌లోకి దిగాయి. సర్వీసుకిచ్చి 12 రోజులు అద్దె మెషిన్‌తో నెట్టుకొచ్చాం. ఇప్పుడు బ్యాగు సర్దేది ఆయనే, నన్ను ముట్టుకోనివ్వడు.