డయోడ్ లేజర్‌తో బిగువైన చెక్కపెట్టెలు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

పది వాట్ల డయోడ్ లేజర్ యంత్రం గురించి అడిగేవారిలో ఎక్కువమంది అది ఎంత మందం చెక్కను కోస్తుందని అడుగుతారు. పెట్టెలు చేయదలచినవారు తెలుసుకోవలసింది, కిరణం ఎంత వెడల్పున చెక్కను కాల్చి తీసేస్తుంది, ఆ వెడల్పు ప్రతిసారీ ఒకేలా ఉంటుందా అన్నది. విజయవాడ పటమటలోని మా ఇంట్లో ఈ యంత్రాన్ని చాలాకాలంగా వాడుతున్నాను. బొమ్మల కొలువు ముగిశాక కొండపల్లి బొమ్మలను దాచే అరల పెట్టెలు, చేతి పనిముట్ల పెట్టెలు దీనితోనే చేశాను. పెట్టె బిగువుగా కుదరడంలో యంత్రం ఖరీదుకన్నా మన కొలతలకే ఎక్కువ పాత్ర ఉందని నిస్సందేహంగా చెప్పగలను.

కోత వెడల్పును కెర్ఫ్ అంటారు. నా యంత్రంలో మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌పై అది సుమారు 0.15 మి.మీ. ఉంటుంది. కిరణం గీతకు ఇరువైపులా సగం సగం తినేస్తుంది కాబట్టి, పలక అంచున పొడుచుకువచ్చేలా 10 మి.మీ. వెడల్పు గీసిన పన్ను 9.85 మి.మీ.కు తగ్గుతుంది, ఆ పన్ను దిగడానికి పక్క పలకలో అంతే వెడల్పు గీసిన గాడి 10.15 మి.మీ.కు పెరుగుతుంది. రెంటి మధ్య మిగిలే 0.3 మి.మీ. ఖాళీ వల్ల పలకలు వదులుగా ఆడతాయి. గీతను పలక అంచు నుంచి బయటివైపు 0.075 మి.మీ. జరిపితే ఆ ఖాళీ పూడిపోతుంది. నేను ఇంకా ఒకటి రెండు వందో వంతుల మిల్లీమీటరు అదనంగా జరుపుతాను. అప్పుడు పళ్ళు కొయ్యసుత్తి దెబ్బతో దిగి, జిగురు లేకుండానే నిలబడతాయి. అంతకు మించి బిగిస్తే ప్లైవుడ్ పొరలు విచ్చుకుంటాయి.

కెర్ఫ్‌ను ఒక్క కోతతో కొలవడం నమ్మదగిన పద్ధతి కాదు. పది మి.మీ. ఎడంతో పదకొండు గీతలనూ, వాటి చివరలను పైనా కిందా కలిపే గీతలనూ కోసి, చుట్టూ చట్రంలా మిగిలిన చెక్కలో విడివడిన పది ముక్కలనూ ఒక పక్కకు నెట్టి, ఏర్పడిన ఖాళీని డిజిటల్ కాలిపర్‌తో కొలిచి పదకొండుతో భాగించాలి. ఖాళీ 1.65 మి.మీ. వస్తే కెర్ఫ్ 0.15 అన్నమాట. డయోడ్ కిరణపు బిందువు చాలా యంత్రాల్లో గుండ్రంగా కాక దీర్ఘచతురస్రంగా ఉంటుంది కనుక, ఈ పరీక్షను అడ్డంగానూ నిలువుగానూ చేయాలి. నా యంత్రంలో రెండు దిశలకూ చిన్న తేడా ఉంది. అందుకే పలకలన్నిటినీ ఒకే వాటంలో అమర్చి కోస్తాను.

ఉచితంగా దొరికే ‘బాక్సెస్ డాట్ పై’ (Boxes.py) అనే సాఫ్ట్‌వేర్ పెట్టె పటాన్ని తానే గీసిస్తుంది. అందులో బర్న్ అనే గడిలో వేయవలసింది కెర్ఫ్ మొత్తం కాదు, దానిలో సగం. ఆ పటాన్ని లేజర్‌ను నడిపే లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాక, అక్కడ కూడా గీతను జరిపే కెర్ఫ్ ఆఫ్‌సెట్ గడిని సున్నా వద్దే ఉంచాలి. రెండు చోట్లా సవరిస్తే పళ్ళు గాడిలో దూరవు.

ఇక చెక్క విషయానికి వస్తే, అసలు శ్రమంతా ఇక్కడే ఉంది. దుకాణంలో మూడు మి.మీ. అని అమ్మే షీటు కాలిపర్‌లో 2.7 చూపవచ్చు, 3.2 కూడా చూపవచ్చు. ఒకే షీటు నాలుగు మూలల్లోనూ అంకె మారుతుంది. పన్ను పొడవు, గాడి లోతు ఈ మందాన్నిబట్టే ఉంటాయి గనుక, ప్రతి షీటునూ కొలిచి ఆ అంకెనే పటంలో వేయాలి. నీటికి తట్టుకుంటుందని ఎక్కువ ధరకు అమ్మే ప్లైవుడ్‌లో ఫినాలిక్ జిగురు ఉంటుంది. అది లేజర్‌కు సులభంగా లొంగక నల్లగా మాడుతుంది. లోపలి పొరల్లో ముడి, పూడిక ఉన్నచోట కోత ఆగిపోతుంది. చెక్క నారను జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. పలక లోపల అంతా ఒకేలా ఉంటుంది కాబట్టి కొలతలు నేర్చుకునేవారికి అదే మంచిది, కానీ దాని సన్నని పళ్ళు త్వరగా నలుగుతాయి.

కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊరిలో వానాకాలపు తేమకు షీట్లు వంగుతాయి, మందం కూడా కొద్దిగా పెరుగుతుంది. వంగిన చోట ఫోకస్ తప్పి కెర్ఫ్ మారుతుంది. షీట్లను చదునైన బల్లపై బరువు కింద ఉంచి, కోసేటప్పుడు అంచులను అయస్కాంతాలతో కింద పరిచే తేనెపట్టు గళ్ళ లోహపు జాలీకి (హనీకూంబ్) అదిమిపెట్టడం నాకు బాగా పనికొచ్చింది.

కోత దగ్గర గాలి ఊదే పంపు తప్పనిసరి. దానితో మసి తగ్గి అంచు శుభ్రంగా వస్తుంది. పళ్ళ పక్కలను గరుకు కాగితంతో రుద్దితే సాధించుకున్న బిగువు పోతుంది కాబట్టి తడి గుడ్డతో తుడిస్తే చాలు. పెట్టె లోపల అతికించే రెగ్జిన్‌ను మాత్రం కత్తెరతోనే కత్తిరించాలి. దాని పి.వి.సి. పూత లేజర్ వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును విడుదల చేస్తుంది, అది ఊపిరితిత్తులకూ యంత్రానికీ హానికరం. 450 నానోమీటర్ల కాంతికి సరిపడే కళ్ళద్దాలు లేకుండా ఈ యంత్రం దగ్గర ఎవరూ నిలబడకూడదు.

యంత్రంలో లేజర్‌ను అటూ ఇటూ కదిలించే పట్టీలు కాలక్రమేణా సాగుతాయి. నేను అప్పుడప్పుడు పెద్ద చదరం కోసి రెండు కర్ణాలనూ కొలుస్తాను. అవి సమానంగా లేకపోతే పట్టీలు బిగించేదాకా కొత్త పెట్టె మొదలుపెట్టను. జారుడు మూతకు మాత్రం ఈ బిగువు లెక్క వర్తించదు. వేసవిలో సులువుగా కదిలిన మూత శ్రావణంలో పట్టేయకుండా ఉండాలంటే గాడిలో 0.3 మి.మీ. వరకు ఖాళీ వదిలి, మూత అంచులకు కొద్దిగా మైనం రాయాలి.