శొంఠి, ఓమ, మెంతులు: నెలసరి నొప్పికి ఏది మేలు?

ఇంటర్ చదివే మా బిడ్డకు నెలసరి మొదటి రోజు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొస్తుంది. మొన్న సరిగ్గా ప్రాక్టికల్స్ రోజునే వచ్చింది. హన్మకొండలో మా వంటింట్లో నేను శొంఠి కాస్తుంటే, అత్తమ్మ ఓమ నీళ్లు తెచ్చింది. కరీంనగర్ నుంచి అక్క ఫోన్ చేసి మెంతులు ఇవ్వమంది. బిడ్డ మంచం మీద ముడుచుకొని "ఏదో ఒకటి చెప్పుండ్రి" అని ఏడ్చింది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

నొప్పి ఎందుకొస్తుందో తెలిస్తే మందు ఎంచుకోవడం తేలిక. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు పుడతాయి. అవి గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగపడితే దానికి రక్తం సరిగ్గా అందదు. నొప్పి అందుకే. కొందరికి వాంతులు, విరేచనాలు అయ్యేదీ వాటివల్లే.

నా ఓటు శొంఠికే. అల్లంలోని ఘాటు పదార్థాలు ఆ రసాయనాల తయారీని తగ్గిస్తాయి. 2009లో ఇరాన్‌లో 150 మంది విద్యార్థినుల మీద జరిగిన పరీక్షలో కొందరికి 250 మిల్లీగ్రాముల అల్లం పొడి రోజుకు నాలుగుసార్లు, మూడు రోజులు ఇచ్చారు. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్రలు వేసుకున్నవాళ్లకు తగ్గినంతే వీళ్లకూ తగ్గింది. రోజు మొత్తానికి ఒక గ్రామంటే చిన్న చెంచాలో సగం. శొంఠి కొమ్మును రోట్లో దంచితే పొడితో పాటు దారాల్లాంటి పీచు మిగులుతుంది. దాన్ని జల్లించి పారేయాలి, లేకుంటే గొంతులో పట్టుకుంటుంది. కొద్దిగా బెల్లం వేసి, తిన్నాకే తాగాలి. ఖాళీ కడుపున తాగితే మంట. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

ఓమ మంచిదే, కానీ దాని పని వేరు. సకినాల పిండిలో ఓమ కలిపేది రుచికే కాదు, అరుగుదలకు కూడా. నెలసరిలో కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టేస్తే ఓమ నీళ్లు హాయినిస్తాయి. అసలు నొప్పికి మాత్రం శొంఠిని పరీక్షించినంతగా దీన్ని పరీక్షించలేదు. అత్తమ్మకు ఈ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మెంతుల మీద కూడా ఇరాన్‌లోనే పరీక్ష జరిగింది. మొదటి మూడు రోజులు, రోజుకు మూడుసార్లు 900 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే నొప్పి తగ్గింది. చేదు ఓర్చుకోగలిగితే పొడిని మజ్జిగలో కలుపుకోవచ్చు. షుగర్ మాత్రలు వాడేవాళ్లు, శనగలు, పల్లీలు పడనివాళ్లు జాగ్రత్త. కడుపుతో ఉన్నారేమోనన్న అనుమానముంటే అసలు వద్దు.

నువ్వులు, బెల్లం ఒంటికి బలం. నొప్పి మందుగా లెక్కపెట్టను.

వేడి కాపడాన్ని చిన్నచూపు చూడొద్దు. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో పొత్తికడుపు మీద వేడి పట్టీ ఐబుప్రొఫెన్‌తో సమానంగా పనిచేసింది. శొంఠి తాగి, వేడినీళ్ల సంచిని బట్టలో చుట్టి పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి.

మరి మాత్ర? "వేసుకుంటే పిల్లలు పుట్టరు" అని అత్తమ్మ భయం. నెలకు రెండు రోజులు వేసుకుంటే అట్లా ఏమీ కాదు. పరీక్ష రోజైతే నేను మాత్రకే మొగ్గుతాను, అన్నం తిన్నాక, నొప్పి ముదరకముందే. అల్సర్, ఉబ్బసం, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ను అడిగాకే.

ఇంత చెప్పినా, ఏ కషాయానికీ లొంగని నొప్పి ఉంటుంది. మా చెల్లె ఏళ్ల తరబడి కషాయాలతోనే నెట్టుకొచ్చింది. నెలనెలా ముదురుతుంటే, మామూలు రోజుల్లోనూ నొస్తుంటే "ఆడవాళ్లకు ఇది మామూలే" అని నేనే సర్ది చెప్పాను. చివరికి స్కానింగ్‌లో ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) గడ్డ బయటపడింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. నొప్పి ఏటేటా పెరుగుతున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం వస్తున్నా రోలు పక్కన పెట్టి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

మా బిడ్డ ఇప్పుడు క్యాలెండర్‌లో తేదీకి గుండ్రం చుడుతుంది. ఆ ముందురోజు రాత్రే నేను శొంఠి దంచి, చిన్న సీసాలో పోసి, దాని పుస్తకాల పక్కన పెడుతున్నాను.