ఏడు వేసవులు వాడాక: ప్యూజెట్ సౌండ్‌లో నా పీతల బోనులు

నేనుండేది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు కాస్త ఉత్తరాన, బాతెల్‌లో. ప్యూజెట్ సౌండ్ అంటే ఇక్కడ భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. 2018 వేసవిలో మొదటి బోను కొన్నాను. 2024 సీజన్‌తో ఏడు వేసవులయ్యాయి. ఈ ఏడేళ్లలో మడతపెట్టే తేలిక బోను ఒకటి, ప్లాస్టిక్ పూత ఉన్న ఇనుప తీగ బోనులు రెండు, రొయ్యల బోనులు రెండు వాడాను. బోటు నా స్నేహితుడిది, పదహారడుగుల అల్యూమినియం బోటు. ఎవరెట్‌లో నీళ్లలోకి దింపి, హ్యాట్ ఐలాండ్ చుట్టుపక్కల గానీ, విడ్బీ ఐలాండ్‌లో లాంగ్లీ ఊరి ఎదురుగా గానీ వేస్తాం. లోతు 40 నుంచి 90 అడుగులు. పట్టేది డంజనెస్ పీత. ఇదే రాష్ట్రంలో ఉన్న డంజనెస్ అనే ఊరి పేరే దానికి వచ్చింది.

కొత్తగా కొనేవాళ్లు అందరూ ముందు అడిగేది ఒకటే: "ఏ బోనులో ఎక్కువ పడతాయి?" నేనూ అదే అడిగి కొన్నాను. తాజా ఎర ఉండి, చోటు మంచిదైతే ఏ బోనులోనైనా పీతలు పడతాయి. ఏడేళ్ల తర్వాత నేను చూసేవి రెండే. వేసిన చోట కదలకుండా ఉంటుందా? ఒకవేళ పోతే దానంతట అదే తెరుచుకుంటుందా? రెండో ప్రశ్న నాకు ఎలా పుట్టిందో ముందు చెప్పాలి.

మొదటి బోను మడతపెట్టేది. కారు డిక్కీలో చక్కగా పడుతుంది, ఒక చేత్తో ఎత్తొచ్చు. మొదటి వేసవంతా దాన్ని రేవు చెక్కల మీద నుంచే వేశాను, బాగానే పనిచేసింది. 2019 జులైలో బోటు మీద తీసుకెళ్లి దాదాపు 80 అడుగుల లోతులో వేశాను. తాడు వంద అడుగులు. సరిపోతుందనుకున్నాను. ఇక్కడ ఆటుపోట్లకు నీటిమట్టం పది, పన్నెండు అడుగులు మారుతుంది. పోటు ఎక్కేటప్పుడు నీళ్లు ఏరులా లాగుతాయి. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే తాడు పైకొసకు కట్టిన, నీళ్ల మీద తేలే బెండు కనబడలేదు. నీళ్లు నిలబడేదాకా ఆగి, మళ్లీ వెతికాం. చీకటి పడబోతుంటే వెనక్కి వచ్చేశాం. తేలికబోను కాబట్టి అడుగున జారుకుంటూ లోతుకు వెళ్లిపోయి ఉంటుంది, తాడు చాలక బెండును కూడా కిందికి లాక్కుపోయి ఉంటుంది.

బోను పోయినందుకు కాదు బాధ. దాని మూతకి నూలు దారం లేదు. ఇక్కడి నిబంధన ప్రకారం ప్రతి బోనుకూ ఒకచోట కుళ్లిపోయే నూలు దారం ఉండాలి. దారం చివికి తెగిపోతే మూత తెరుచుకోవాలి, లేదా తీగ గోడలో కనీసం 3 అంగుళాలకు 5 అంగుళాల దారి ఏర్పడాలి. కొన్న షాపులో అడిగితే అన్నీ దానిలోనే ఉన్నాయన్నారు, నేను విప్పి చూసుకోలేదు. పైగా రబ్బరు కొక్కెం అరిగిపోతే దాని బదులు ప్లాస్టిక్ టై బిగించాను. ప్లాస్టిక్ ఏళ్లు గడిచినా కుళ్లదు. లోపల చిక్కిన పీత ఆకలితో చస్తుంది, చచ్చినది మరో పీతకు ఎర అవుతుంది, అదీ వచ్చి చిక్కుతుంది. మనిషి లేకుండానే బోను అలా పడుతూ ఉంటుంది. ప్యూజెట్ సౌండ్‌లో ఏడాదికి సుమారు 12,000 పీతల బోనులు పోతాయని అంచనా. ఆ లెక్కలో ఒకటి నాది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ లాంగ్లీ వైపు వెళ్లినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఆ తర్వాత కొన్నవే ఇప్పటికీ వాడుతున్న రెండు చదరపు బోనులు. 24 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తు, నల్ల పూత తీగ. షాపు నుంచి వచ్చినట్టే వాడితే ఇవీ తేలికే. ఇళ్లు కట్టడానికి వాడే ఇనుప చువ్వలు కోయించి, అడుగు చట్రానికి నాలుగు వైపులా కట్టాను. ఒక్కోదానికి దాదాపు పది పౌన్ల బరువు పెరిగింది. బోటులోకి లాగేటప్పుడు నడుముకు తెలుస్తుంది గానీ, అప్పటి నుంచి ఒక్కటి కూడా వేసిన చోటు నుంచి కదల్లేదు. తాడు లోతుకు కనీసం మూడో వంతు ఎక్కువ పెట్టుకుంటున్నాను. 90 అడుగులకు 125 అడుగులు. తాడు నీళ్లలో మునిగే రకమే కొనాలి. తేలే తాడు నీళ్ల మీద పాములా పరుచుకుంటుంది, వచ్చేపోయే బోట్ల ఫ్యానుకు చుట్టుకుని తెగిపోతుంది, నిబంధనలకూ విరుద్ధం. బెండు సగం ఎరుపు, సగం తెలుపు ఉండాలి, దాని మీద పేరు, అడ్రసు రాయాలి. మార్కరుతో రాస్తే రెండు సీజన్లకే వెలిసిపోయింది. ఇప్పుడు పేరు చెక్కిన చిన్న ప్లాస్టిక్ బిళ్ల కడుతున్నాను.

ఈ బోనుల్లో నాకు బాగా నచ్చింది తప్పించుకునే రింగులు. పై సగంలో రెండు, లోపలి కొలత 4¼ అంగుళాలు. పిల్ల పీతలు, ఆడ పీతలు చాలావరకు వాటిలోంచి జారుకుంటాయి. మూడు గంటలు ఉంచి తీస్తే లోపల ఏడెనిమిది ఉంటాయి, వాటిలో సగం పైగా ఇంటికి తెచ్చుకోదగ్గవే. గంటకోసారి తీస్తే పిల్లలు ఇంకా బయటికి పోకముందే పైకి వస్తాయి. వాటిని ఏరుతూ కూర్చోవాలి, వాటికీ నలుగుడు. తొందరపడకండి. ద్వారాల దగ్గర వేలాడే తీగ తలుపులు మాత్రం ఈ బోనుల బలహీనత. లోపలికే తెరుచుకోవాలి, కానీ ఏడాదికోసారి వంగిపోతాయి. సీజన్ ముందు ఒక్కొక్కటీ వేలితో నెట్టి చూడాలి. ఒక తలుపు తెరుచుకునే ఉండిపోతే వచ్చిన పీత వచ్చినట్టే పోతుంది. 2021లో ఒక రోజంతా ఒక బోను ఖాళీగా వచ్చింది, కారణం అదే.

తుప్పు సంగతి. పూత గీసుకుపోయిన ప్రతిచోటా ఉప్పునీళ్లు పని మొదలుపెడతాయి. నాలుగో సీజన్లో మూత బందు ఊడిపోయింది. అప్పుడు ఒకరు చెప్పగా చట్రానికి జింకు ముక్క ఒకటి కట్టాను. ఇనుము కన్నా ముందు జింకు కరుగుతుంది కాబట్టి చట్రం నిలుస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగడం కూడా తప్పదు. ఈ రెండూ మొదటి ఏడు నుంచే చేసి ఉంటే ఆ బందు ఇంకా ఉండేదని నా నమ్మకం.

2022లో నాన్న వచ్చారు. మాది తాళ్లరేవు. కోరంగి మడ పక్కనే పెరిగిన మనిషి, పీత అంటే ఆయనకు మండపీతే. మొదటి బోను పైకి లాగితే తొమ్మిది పీతలు. నేను ప్లాస్టిక్ కొలబద్ద తీసి ఒక్కొక్కటీ కొలుస్తూ ఆరింటిని నీళ్లలో వదిలేశాను.

"ఒరేయ్, ఇంత పీతను పారేస్తావేంట్రా?" అన్నారు.

"ఇది ఆడది నాన్నా. ఇదిగో, పొట్ట కింద రేకు వెడల్పుగా ఉంది చూడండి. ఆడవాటిని తీసుకోకూడదు. మగదైనా వీపు 6¼ అంగుళాలు ఉండాలి, పక్క ముళ్ల కొసలు లెక్కలోకి రావు."

ఆయన ఏమీ అనలేదు. రెండో బోను వచ్చేసరికి కొలబద్ద అడిగి తీసుకున్నారు. ఒక పీతను వెనక కాళ్ల దగ్గర పట్టుకుని (నాకన్నా భయం లేకుండా), కొలిచి, కాలు నొక్కి చూసి, "ఇది సైజుంది గానీ మెత్తగా ఉందిరా, కొత్తగా కుబుసం విడిచింది. లోపల నీళ్లే ఉంటాయి, మాంసం ఉండదు" అని వదిలేశారు. ఇక్కడ కూడా గట్టి పెంకు ఉన్నవే ఉంచుకోవాలి. అది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాను, ఆయనకు చేతికే తెలుసు.

లెక్కలు కూడా చెప్పేస్తాను. డంజనెస్ రోజుకు మనిషికి ఐదు. రెడ్ రాక్ అనే మరో రకం, ఎర్ర రాతి పీతలైతే ఆరు, కనీసం 5 అంగుళాలు, ఆడ మగ తేడా లేదు. మనిషికి రెండు బోనులు. లైసెన్సుతో పాటు ప్యూజెట్ సౌండ్ డంజనెస్ ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి), క్యాచ్ కార్డు (పట్టినవి రాసే కార్డు) తీసుకోవాలి. ఉంచుకున్న ప్రతి డంజనెస్‌నూ బోను మళ్లీ నీళ్లలోకి వేసేలోపే కార్డులో రాయాలి. మా వైపు వేసవి సీజన్ సాధారణంగా గురువారం నుంచి సోమవారం దాకా, మంగళ, బుధవారాలు సెలవు. సెలవు రోజుల్లో బోను నీళ్లలో ఉండకూడదు. తేదీలు ఏటా మారతాయి, వెళ్లేముందు రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ సైటు చూసుకోండి.

ఎర విషయంలో కోడి కాళ్లే నాకు బాగా కుదిరాయి. సాల్మన్ తలలు దొరికితే ఇంకా మంచిది, కానీ సీల్ అనే సముద్ర జంతువు ఒకటి వాసన పట్టిందంటే బోను చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఎరను లోపల గట్టి తీగ పెట్టెలో పెట్టండి. వల సంచిలో పెడితే పీతలే గంటలో చించేస్తాయి.

ఇక రొయ్యలు. ఇక్కడి స్పాట్ రొయ్య చల్లని, లోతు నీళ్ల జీవి. మొదట మగగా బతికి, తర్వాత ఆడగా మారుతుంది. మే నెలలో కొద్ది రోజులు, చాలాచోట్ల కొద్ది గంటలు మాత్రమే తెరుస్తారు. రోజుకు మనిషికి 80. మేం హుడ్ కెనాల్ అనే సన్నటి సముద్రపు పాయకు వెళ్తాం, 250 అడుగుల లోతు. తాడు 400 అడుగులు, బెండు పసుపు. ఎర చేప వాసన ఉన్న పిల్లి మేత, చేప నూనెలో కలిపి చిల్లుల డబ్బాలో పెట్టింది. మొదటి ఏడు చేతులతోనే లాగాం. నాలుగు సార్లు లాగేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. మరుసటి ఏడు స్నేహితుడు కరెంటు చక్రం బిగించాడు, అప్పటి నుంచి నయం. బోనులు బాగున్నాయి, సన్నటి వల ఎక్కడా చిరగలేదు. కానీ ఏడాదికి రెండు, మూడు రోజుల కోసం ఇంత సరంజామా సొంతంగా కొనమని నేను చెప్పను. ఇద్దరు, ముగ్గురు కలిసి కొనుక్కుంటే అర్థం ఉంది. రుచి మాత్రం చెప్పి తీరాలి. తియ్యటి మాంసం, కారం పట్టించాల్సిన అవసరం లేదు, నెయ్యి, మిరియాలు చాలు. ఒడ్డుకు రాగానే తలలు తీసి ఐసులో పెట్టండి, లేకపోతే తలలోని రసాలు మాంసాన్ని మెత్తబరిచేస్తాయి.

పీతల వంటలో ఒక్క హెచ్చరిక. మన ఇళ్లలో పీత లోపలి పసుపు పదార్థాన్ని ఇష్టంగా తింటాం. ఇక్కడ దాన్ని తీసేయండి. నాచు నుంచి వచ్చే విషం అక్కడే చేరుతుంది, ఎంత ఉడికించినా పోదు. నాన్నకు ఈ మాట మింగుడు పడలేదు, అయినా విన్నారు. చింతపండు పులుసు ఆయన చేతి వంటే. డంజనెస్ మాంసం మండపీతంత గట్టిగా ఉండదు, కాబట్టి పులుసు బాగా మరిగాక చివర్లో వేయాలి. మొదటిసారి ముందే వేసి పోగులుగా విడిపోగొట్టాం.

భద్రత గురించి కూడా ఒక మాట. ఇక్కడ ఎండాకాలంలోనూ చాలాచోట్ల నీళ్లు చల్లగానే ఉంటాయి. బోను లాగుతూ ముందుకు వంగి పడేవాళ్లున్నారు. చిన్న బోట్లలో పన్నెండేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలకు లైఫ్ జాకెట్ చట్టం, మా బోటులో అందరికీ.

2023 ఆగస్టులో హ్యాట్ ఐలాండ్ పక్కన మా బోను లాగుతుంటే మామూలుకన్నా బరువుగా ఉంది. మా తాడుకు చిక్కుకుని మరో పాత బోను వచ్చింది. బెండు లేదు, తాడు మూరెడు మిగిలింది, తీగంతా బార్నకిల్స్, అంటే అంటుకుని పెరిగే గుల్ల జీవులు. ఎన్నాళ్లుగా అడుగున ఉందో. మూత ఒక పక్కకు తెరుచుకుని వేలాడుతోంది, కొక్కెం దగ్గర నల్లబడిన నూలు పోగు ఒకటి మిగిలి ఉంది. లోపల ఒక్క పీత కూడా లేదు, ఒక్క పెంకు ముక్క కూడా లేదు. స్నేహితుడు తాడు చిక్కు తీస్తుంటే నేను ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని, పోయిన బోనుల గురించి చెప్పే చోట తెలియజేశాను. ఇలా చెప్పినందుకు ఎవరికీ జరిమానా ఉండదు. ఇంటికి వచ్చాక మా రెండు బోనుల దారాలూ విప్పేసి కొత్త నూలు కట్టాను. ఒక చుట్ట నూలు నాలుగైదు డాలర్లు. ఇప్పుడు ప్రతి జూన్ చివర, సీజన్ మొదలయ్యే ముందు, పాతది ఎంత గట్టిగా కనిపించినా మారుస్తున్నాను.