‘బీపీఏ ఫ్రీ’ స్టిక్కర్ చూసి పాలసీసా కొనకండి: న్యూబార్న్ గిఫ్ట్ సెట్లతో జాగ్రత్త

బారసాలకో, పురిటి బిడ్డను చూడ్డానికో పట్టుకెళ్లేందుకు ఆన్‌లైన్‌లోనూ బజార్లోనూ ‘న్యూబార్న్ గిఫ్ట్ సెట్’ పేరుతో పెట్టెలు అమ్ముతున్నారు. అలాంటివి కొనబోయేవాళ్ల కోసం ఈ హెచ్చరిక.

ఈమధ్య అమ్ముడైన ఒక సెట్ సంగతి వినండి. పెట్టెలో రెండు పాలసీసాలు, ఒక సిప్పర్, పిల్లలు కొరుక్కునే రింగు, నొక్కితే కూసే రబ్బరు బాతు, ఒక పౌడర్ డబ్బా ఉన్నాయి. పైన పెద్ద ఆకుపచ్చ స్టిక్కర్: ‘100 శాతం బీపీఏ ఫ్రీ’, అంటే బిస్ఫినాల్ ఏ (బీపీఏ) అనే హానికర రసాయనం లేదని. అమ్మకం పేజీలో సీసా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిందని రాశారు. సీసా అడుగున చూస్తే త్రికోణంలో 7 అంకె ఉంది. ఐఎస్ఐ గుర్తు లేదు, తయారీదారు చిరునామా లేదు, దిగుమతి చేసినవాళ్ల పేరు కూడా లేదు. అడిగితే ‘ఇంపోర్టెడ్ సరుకండీ, ఐఎస్ఐ అక్కర్లేదు’ అన్నారు. వాపసు తీసుకోమంటే ‘పిల్లల సామాను, సీలు తీశాక రిటర్న్ ఉండదు’ అన్నారు. రెండు జవాబులూ తప్పే.

ఐఎస్ఐ అక్కర్లేదన్న మాట సంగతి ముందు చూద్దాం. పసిపిల్లల పాలపొడులు, పాలసీసాల మీద మన దేశంలో 1992 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రామాణిక గుర్తు, అంటే ఐఎస్ఐ, లేని పాలసీసాను అమ్మడమే ఆ చట్టం ప్రకారం నేరం. విదేశంలో తయారైనా ఇక్కడ అమ్మాలంటే ఇదే నియమం, విదేశీ ఫ్యాక్టరీలకు కూడా బీఐఎస్ లైసెన్సులు ఇస్తుంది. పాలసీసాలకు ప్రకటన ఇవ్వడాన్నీ, ఆశ చూపించి వాటిని అమ్మడాన్నీ కూడా ఈ చట్టం ఒప్పుకోదు. కాబట్టి ‘సీసాల మీద 60 శాతం తగ్గింపు’, ‘పౌడర్ కొంటే సీసా ఉచితం’ అని కనబడితే, సరుకు మంచిదా చెడ్డదా అని చూడకముందే ఆ అమ్మకందారు చట్టాన్ని లెక్కచేయడం లేదని తెలిసిపోతుంది.

ప్లాస్టిక్ పాలసీసాల ప్రమాణం సంఖ్య ఐఎస్ 14625. 2015లో సవరించినప్పుడు, బీపీఏతో తయారయ్యే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ వాడకాన్ని అందులోంచి తీసేశారు. ఐఎస్ఐ గుర్తు పైన ఈ సంఖ్య, కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండాలి. ఉత్త గుర్తు ఒక్కటే అచ్చేసి వదిలేసిన సరుకూ బజార్లో ఉంది, అందుకే ఫోన్‌లో ‘బీఐఎస్ కేర్’ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. లైసెన్సు ఎవరి పేరున ఉంది, ఏ వస్తువుకి ఇచ్చారు, ఇంకా చెల్లుతోందా అన్నవి వస్తాయి. నంబరు నిజమైనదే అయినా అది ప్లాస్టిక్ కుర్చీలకో బకెట్లకో ఇచ్చిందైతే మీ చేతిలో ఉన్నది దొంగ గుర్తే.

ఇప్పటికే కొని ఉంటే ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. మూత, పాలపీక, రింగు తీసేసి ఖాళీ సీసాను బకెట్ నీళ్లలో పూర్తిగా ముంచండి. లోపల గాలి బుడగ మిగలకుండా నీళ్లు నిండాక వదిలెయ్యండి. పాలీప్రొపిలీన్ నీళ్లకంటే తేలిక, దాని సాంద్రత 0.9 చిల్లర, కాబట్టి పైకి తేలుతుంది. పాలీకార్బొనేట్ 1.2, మునుగుతుంది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్న సీసా మునిగిందంటే రాసింది అబద్ధం. ఈ పరీక్షతో అబద్ధం బయటపడుతుంది గానీ నిజం రుజువు కాదు. తేనెరంగులో ఉండే పీపీఎస్‌యూ అనే మరో రకం ప్లాస్టిక్ సీసాలు మంచివే, అయినా అవీ మునుగుతాయి. త్రికోణంలో 7 అంటే ‘మిగతావన్నీ’ అని అర్థం, పాలీకార్బొనేట్ ఆ గుంపులోదే, పీపీఎస్‌యూ కూడా ఆ గుంపులోదే. అయితే గాజులా తళతళలాడుతూ, గోటితో కొడితే టక్కుమని మోగుతూ, అడుగున 7 ఉండి, నీళ్లలో మునిగి, ఐఎస్ఐ గుర్తు లేని సీసాను బిడ్డకి వాడకండి. కాల్చి వాసన చూడమని కొందరు చెప్పే పరీక్ష మాత్రం చేయొద్దు, ఆ పొగ మీకే చెరుపు.

పాలీకార్బొనేట్ అంటే ఇంత పట్టింపు ఎందుకంటే, అది బిస్ఫినాల్ ఏ అనే రసాయనాన్ని గొలుసులా అల్లి చేసిన ప్లాస్టిక్. ఆ గొలుసు లింకులు వేడికీ క్షారానికీ తెగుతాయి. తెగినప్పుడు బయటికొచ్చేది మళ్లీ బీపీఏనే. ఇది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా ప్రవర్తిస్తుందన్నది కొత్త సంగతేం కాదు, 1936లోనే లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం కృత్రిమ ఈస్ట్రోజెన్‌ల కోసం వెతుకుతూ దీన్ని గుర్తించింది. 1998లో అమెరికాలో ప్యాట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఆడ ఎలుకల అండాల్లో క్రోమోజోముల అమరిక ఉన్నట్టుండి చెడిపోయింది. 1, 2 శాతం ఉండాల్సిన లోపం 40 శాతానికి పోయింది. కారణం వెతికితే, ఎలుకల పాలీకార్బొనేట్ పంజరాలనీ నీళ్ల సీసాలనీ పొరపాటున ఘాటైన క్షారపు సబ్బుతో కడిగారని తేలింది. మన వంటింటి గిన్నెల సబ్బుల్లో చాలావాటిలో సోడా ఉంటుంది. దాంతో తోమి, సరిగ్గా జాలించకుండా, ఆ సీసానే నీళ్లలో వేసి మరిగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

గీతలు పడ్డ పాత సీసాలే ప్రమాదం, కొత్తవి పర్లేదు అనుకోవడం కూడా సరికాదు. 2008లో సిన్సినాటి విశ్వవిద్యాలయం వాళ్లు పాలీకార్బొనేట్ నీళ్ల సీసాలను కొత్తవీ ఏళ్ల తరబడి వాడినవీ పక్కపక్కన పెట్టి చూశారు. వాటి మధ్య పెద్ద తేడా రాలేదు. మరిగే నీళ్లు పోసినప్పుడు మాత్రం బీపీఏ దిగే వేగం 15 నుంచి 55 రెట్లు పెరిగింది. సీసా వయసు కంటే వేడి మీదే కన్నుండాలి.

గర్భిణి, పసిబిడ్డ దగ్గర ఈ లెక్క ఇంకా కఠినం. పెద్దవాళ్ల లివర్ బీపీఏకి చక్కెర అణువు తగిలించి కొన్ని గంటల్లోనే మూత్రంలో పంపేస్తుంది. పుట్టిన రెండో మూడో రోజున చాలామంది పిల్లలకు పచ్చకామెర్లు కనిపించేది లివర్‌లో ఇలాంటి పని చేసే ఎంజైములు ఇంకా పూర్తిగా అందుకోకపోవడం ముఖ్య కారణంగా. బీపీఏని వదిలించాల్సినదీ ఆ కుటుంబపు ఎంజైములే. పైగా కిలో బరువుకి లెక్కేస్తే పసిబిడ్డ తాగే పాలు పెద్దవాళ్లు తాగే నీళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పాలసీసాల్లో బీపీఏని యూరప్ 2011లో నిషేధించింది, అమెరికా 2012లో పాలీకార్బొనేట్ సీసాలకు అనుమతి తీసేసింది. ఒంట్లోకి రోజూ ఎంత చేరినా పర్లేదన్న పరిమితిని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో 20,000 రెట్లు తగ్గించి, కిలో శరీర బరువుకి 0.2 నానోగ్రాములకు దించింది.

‘బీపీఏ ఫ్రీ’ అన్నది నిజమే అయినా ఇంకో మెలిక ఉంది. బీపీఏ బదులు దాని తోబుట్టువులైన బీపీఎస్, బీపీఎఫ్ వాడినా ఆ స్టిక్కర్ అంటించుకోవచ్చు. అవీ హార్మోన్ల పనిలో తలదూర్చేవే. అందుకే ‘ఏది లేదు’ అని రాసింది పక్కన పెట్టి ‘దేంతో చేశారు’ అన్నది చూడండి.

సెట్‌లో బాతు, కొరుక్కునే రింగు సీసాకంటే తక్కువేం కాదు. మెత్తగా, సాగుతూ, కొత్త రెయిన్‌కోటులా ఘాటు వాసన కొడుతుంటే అది చాలావరకు పీవీసీ. పీవీసీ సహజంగా గట్టిది, మెత్తబడటానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు, ఒక్కోసారి బరువులో 30, 40 శాతం దాకా. ఇవి ప్లాస్టిక్‌తో రసాయనికంగా అతుక్కోవు, ఊరికే ఇరుక్కుని ఉంటాయి. ఉమ్మి తగిలినా, నూనె తగిలినా బయటికి జారతాయి. కొన్నాళ్లకి బొమ్మ జిగురుగా తయారవడానికి కారణం ఇదే. బొమ్మల్లో ప్రధాన థాలేట్లు 0.1 శాతం మించకూడదని యూరప్ నియమం. మన దగ్గర 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ తప్పనిసరి, ఐఎస్ 9873లో తొమ్మిదో భాగం థాలేట్ల గురించే. బాతు మీద ఆ గుర్తు లేకపోతే బయట పడెయ్యండి. పళ్లొచ్చే బిడ్డకి చల్లటి నీళ్లలో తడిపి పిండిన శుభ్రమైన నూలుగుడ్డ చాలు.

ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది పక్క కింద వేసే రబ్బరు షీట్. ఒంటికి నూనె రాసి, మసాజ్ చేసి, ఆ జిడ్డు ఒంటితోనే బిడ్డని పీవీసీ షీట్ మీద పడుకోబెడతారు. థాలేట్లు నూనెలో తేలిగ్గా కరుగుతాయి, చర్మానికీ షీటుకీ మధ్య నూనె ఉంటే వాటికి దారి వేసినట్టే. నూనె రాసేటప్పుడు మందపాటి నూలు దుప్పటి వెయ్యండి, రబ్బరు షీట్ దాని కిందే ఉండనివ్వండి.

థాలేట్ల విషయంలో బిడ్డ పుట్టాక జాగ్రత్త ఒక్కటే సరిపోదు. మగపిండంలో టెస్టోస్టెరాన్ తయారై అవయవాలు రూపుదిద్దుకునేది గర్భం 8 నుంచి 14 వారాల మధ్య. జంతువుల్లో ఆ సమయంలో థాలేట్లు పడితే టెస్టోస్టెరాన్ తగ్గి, మగపిల్లల జననాంగాల ఎదుగుదల దెబ్బతింటోంది. మనుషుల్లోనూ ఆ దిశగా సంబంధం చూపిన అధ్యయనాలున్నాయి. చాలామందికి గర్భం ఖాయమైందని తెలిసేసరికే ఆ గడువు దగ్గర పడుతుంది. కాబట్టి గర్భం కోసం ఎదురుచూస్తున్న దశ నుంచే వేడి సాంబారు, బిర్యానీ, టీ పాలిథీన్ కవర్లలో కట్టించుకోవడం మానండి, స్టీల్ క్యారేజీ పట్టుకెళ్లండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్ల గురించి చాలామంది భయపడతారు, వాటిలో కొన్ని పాలీకార్బొనేటే. చల్లటి నీళ్లతో దిగేది తక్కువ. క్యాన్ ఎండలో పడి ఉండకుండా చూసుకుని, ఇంటికి రాగానే నీళ్లు స్టీల్ బిందెలోకి వంచేస్తే సరిపోతుంది. బిల్లు కౌంటర్లలో ఇచ్చే నున్నటి థర్మల్ కాగితానికి చాలావరకు బిస్ఫినాల్ పూత ఉంటుంది, శానిటైజర్ రాసుకున్న తడి చేతులతో పట్టుకుంటే చర్మంలోకి ఇంకా ఎక్కువ ఇంకుతుంది.

ఇంతా విని హడలిపోనక్కర్లేదు. 2011లో అమెరికాలో 20 మందికి మూడు రోజులు ప్లాస్టిక్, డబ్బా పొట్లాలు తగలని తాజా తిండి పెడితే మూత్రంలో బీపీఏ మూడింట రెండొంతులు తగ్గింది. ఇవి ఒంట్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసే రకం కావు, రావడం ఆపితే పోతాయి.

పౌడర్ డబ్బా గురించి రెండు మాటలు. పసిబిడ్డకి పౌడర్ అవసరమే లేదు. క్రీమ్ కొంటే పదార్థాల పట్టీలో, సరుకు చెడిపోకుండా కలిపే ప్రొపైల్ పారాబెన్, బ్యూటైల్ పారాబెన్ ఉన్నాయేమో చూడండి. మూడేళ్ల లోపు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసి వదిలేసే క్రీముల్లో ఈ రెండూ యూరప్‌లో నిషిద్ధం.

సీసా బదులేం వాడాలి? తల్లిపాలు ఇవ్వగలిగితే సీసాతో పనే లేదు. తల్లిపాలలోనూ ఈ రసాయనాల జాడలు దొరుకుతున్నాయని చదివి పాలు మాన్పించేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి. తల్లిపాల మేలు ముందు ఆ జాడలు లెక్కలోకి రావు. పిండిన పాలైనా, డాక్టరు రాసిన పాలపొడి అయినా పట్టడానికి మన ఉగ్గుగిన్నె ఉంది. స్టీలుదో వెండిదో, మూలలు లేకుండా నున్నగా ఉన్నది తీసుకోండి. కడగడం తేలిక, మరిగించడం తేలిక, ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లలకు పట్టేదీ అలాంటి గిన్నెతోనే. బిడ్డని కూర్చున్నట్టు ఎత్తి పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, బిడ్డ చప్పరించే వేగంలోనే వంచాలి. నోట్లో పొయ్యకూడదు.

సీసా తప్పనిసరైతే గాజు సీసా, సిలికోన్ పీక మేలు. పాలీప్రొపిలీన్ వాడేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. అందులో బీపీఏ లేకపోయినా, వేడి నీళ్లు పోసి గిలకొడితే లీటరుకి కోటీ 60 లక్షల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు రాలుతున్నాయని 2020లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు లెక్కగట్టారు. దీన్ని తగ్గించడం సులువే. మరిగించి శుభ్రం చేసిన సీసాను, కాచి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు తొలవండి. పాలపొడిని స్టీల్ గిన్నెలో 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో చెంచాతో కలపండి. పొడిలో ఉండగల క్రిములు చావాలంటే ఆ వేడి కావాలి, గోరువెచ్చటి నీళ్లతో కలపకూడదు. గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, అప్పుడు సీసాలో పొయ్యండి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయండి. సీసాను మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

ఇక వాపసు సంగతి. వివరణలో రాసినదానికి భిన్నంగా ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు, సీలు తీశారన్న సాకు చెల్లదు. సీసా అడుగు, పెట్టె నాలుగు వైపులా, నీళ్లలో మునిగిన సీసా, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి, ఆ పేజీని రాత్రికి రాత్రే మార్చేస్తారు. బిల్లు పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. ఐఎస్ఐ లేని సీసా, బొమ్మ గురించి బీఐఎస్ కేర్ యాప్‌లో ఫిర్యాదు విడిగా పెట్టండి, డబ్బు వెనక్కి వచ్చినా సరే పెట్టండి. రీఫండ్ రాగానే ఊరుకుంటే ఆ సీసానే తుడిచి ఇంకో పెట్టెలో పెట్టి అమ్మేస్తారు.