తిరుపతి నుంచి పిల్లలతో ఎగ్మూరు మ్యూజియానికి

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి కొన్నేళ్లుగా, సెలవులు కలిసివచ్చినప్పుడల్లా, మా ఇద్దరు పిల్లలను తీసుకొని వెళ్లివస్తున్నాము. 1851లో మొదలైన ఈ మ్యూజియం 16 ఎకరాలకు పైబడిన ఆవరణలో వేరువేరు భవనాలుగా ఉంది గనుక, అంతా ఒక్క రోజులో చూపించి తీసుకురావాలనుకునే తల్లిదండ్రులకు నేను దీనిని సూచించను. పూటకు ఒక భవనం చాలుననుకునే వారికి మాత్రం, అందులోనూ తిరుపతి వారికి, తప్పక వెళ్లమని చెబుతాను.

కారణం అక్కడి కంచు విగ్రహాల గ్యాలరీ. మన పిల్లలు ఉత్సవమూర్తులను ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తూనే ఉంటారు. అయితే వాహనం మీద మాడవీధుల్లో వచ్చే స్వామిని పట్టువస్త్రాలూ పూలదండలూ ఆభరణాలూ కప్పివేయగా, వారికి కనబడేది ముఖమూ, మహా అయితే చేతులూ మాత్రమే. ఇక్కడ అటువంటి మూర్తులే ఏ అలంకారమూ లేకుండా నిలబడి ఉంటాయి. "స్వామికి పూలేవి నాన్నా?" అని మా చిన్నమ్మాయి అడిగిన తరువాతనే ఆ నడుము వంపునూ, వేళ్ల ముద్రలనూ, పీఠాలకు ఉన్న రంధ్రాలనూ మేము నిదానంగా చూశాము. ఆ రంధ్రాలలో కర్రలు దూర్చి ఊరేగింపుకు ఎత్తేవారని చెబితే, బ్రహ్మోత్సవాలలో వాహన బేరర్లను చూసిన పిల్లలకు వేరే వివరణ అక్కరలేదు. మైనంతో బొమ్మ చేసి, దానిపై మట్టి పూసి కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలో లోహం పోస్తారనీ, చివరికి మట్టి అచ్చును పగలగొట్టవలసిందే గనుక ఒక అచ్చుకు ఒకే విగ్రహం వస్తుందనీ ఇంటి దగ్గరే చెప్పి తీసుకువెళ్లడం మంచిది.

ఆ గ్యాలరీలో రెండింటి దగ్గర ఆగితే చాలు. తిరువెంగాడు అర్ధనారీశ్వరునికి ఎన్ని చేతులని పిల్లలను అడగండి. శివుని వైపు రెండు, అమ్మవారి వైపు ఒకటి, మొత్తం మూడని లెక్క తేలేసరికి వారు ఆ విగ్రహాన్ని పై నుంచి కింది దాకా చూసి ఉంటారు. రెండవది తిరువాలంగాడు నటరాజు. తిరుపతి నుంచి వెళ్లే రైలు అరక్కోణం దాటాక తిరువాలంగాడు స్టేషను మీదుగానే పోతుంది గనుక, కిటికీలోంచి ఆ బోర్డు చూపించి ఉంచండి.

మరొక పూటను అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాలకు కేటాయించాలి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన ఫలకాలలో ఎక్కువ భాగం లండనుకు తరలిపోయి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవి ఇక్కడ చాలా ఉన్నాయి. మన కృష్ణా తీరపు రాతిపనిని చూడడానికి చెన్నైకి పోవలసి రావడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది, కాని పిల్లలకు ఆ పట్టింపు లేదు. పాదముద్రలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం ఉన్న చోటల్లా బుద్ధుడు ఉన్నట్టేనని చెప్పి వెతకమంటే, గంటసేపు మనల్ని విసిగించరు. మదించిన నాళాగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన గుండ్రటి ఫలకాన్ని మాత్రం దగ్గర ఉండి చూపించాలి. అందులో అదే ఏనుగు రెండుసార్లు ఉంటుంది: ఒకవైపు వీధిలో జనాన్ని చెదరగొడుతూ, మరొకవైపు బుద్ధుని పాదాల దగ్గర వంగి. ఈ గొడవనంతా కిటికీలలోంచి తొంగిచూసే వారిని మా పెద్దవాడే మొదట కనిపెట్టాడు.

తిమింగలం, ఏనుగుల అస్థిపంజరాలు ఉన్న జంతుశాస్త్ర విభాగాన్ని చివరికి ఉంచుకోండి. అది ముందు చూపిస్తే విగ్రహాల వైపు రారు. వివరాల పలకలు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి గనుక కథ చెప్పే బాధ్యత పెద్దలదే. భవనాల మధ్య ఎండలో నడక తప్పదు. నీళ్లు, టోపీలు ఉండాలి. సెంట్రల్ స్టేషనులో దిగాక మెట్రోలో ఎగ్మూరు తరువాతి స్టేషనే. అయిదేళ్ల లోపు వారికి ఇంత ప్రయాణం వద్దు, చంద్రగిరి కోటలోని రాజమహలు మ్యూజియం సరిపోతుంది. శుక్రవారం మాత్రం రెండు చోట్లా సెలవే.